చైనా సోమ్లా చలి మాటలు

కారేపల్లి నుంచి చండ్రుగొండ దాకా ఏ టీ హోటల్లో అడిగినా చైనా సోమ్లా అంటే ఎవరో చెప్పేవాళ్ళు. చెప్పేముందు ఒకసారి నవ్వుకునేవాళ్ళు. అతనికి చైనాతో ఉన్న సంబంధమల్లా ఆరు నెలల ఖైదు, అక్కడ పోగొట్టుకున్న మూడు కాలివేళ్ళు, వెంట తెచ్చుకున్న కొన్ని చలి మాటలు. ఈ కాస్త సంబంధం ఒక మనిషిని జన్మంతా ఎట్లా వెంటాడుతుందో, చుట్టూ ఉన్న మంచివాళ్ళంతా కలిసి దాన్ని అతని మెడకు ఎట్లా ఉరి చేస్తారో చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చండ్రుగొండకు అవతల, అడవి అంచున ఉన్న లంబాడీ తండా అతనిది. పందొమ్మిది వందల అరవైలో ఖమ్మంలో ఫౌజులోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, ఇరవై రెండేళ్ళ సోమ్లా నడిచి వెళ్ళి వరుసలో నిలబడ్డాడు. తుపాకీ ఇస్తారనుకున్నాడు, గడ్డపార ఇచ్చారు. ఈశాన్యపు కొండల్లో రోడ్లు తవ్వే దళంలో వేశారు. రెండేళ్ళకు చైనాతో యుద్ధం వచ్చిపడింది. నూలు బట్టలు, గుడ్డ బూట్లతో మంచులో రాళ్ళు కొడుతున్న వాళ్ళను చైనా సిపాయిలు ఒక పొద్దున చుట్టుముట్టి, గొడ్లను తోలినట్టు కొండల అవతలికి తోలుకుపోయారు. పదకొండు రోజుల నడక. ఎడమ కాలి మూడు వేళ్ళు దారిలోనే నల్లబడ్డాయి. ఖైదులో ఒక డాక్టరు వాటిని తీసేశాడు. తీసేటప్పుడు నొప్పి తెలియలేదని సోమ్లా చెప్పేవాడు.

ఆ ఖైదు ఒక పాత రాతి ఇల్లు. పొద్దున్నే బొగ్గుల కుంపటి తెచ్చే కావలివాడు ఒకడుండేవాడు, ముసలివాడు. తలుపు తెరిచి ఆకాశం కేసి చూసి, నాలుగు ముక్కల మాట ఒకటి అనేవాడు. హిందీ వచ్చిన దుబాసీ దాని అర్థం చెప్పేవాడు. ‘థియెన్ హాన్ తీ తుంగ్’ అంటే ఆకాశం చల్లబడింది, నేల గడ్డకట్టింది అని. ఆ రోజు పార దిగదు కాబట్టి తవ్వుడు పని ఉండదు. ‘తీ ష్వేయ్ ఛెంగ్ పింగ్’ అంటే కారిన చుక్క కారినట్టే మంచుగడ్డ అవుతుందని. ఆ రోజు మొహం కడగకూడదు. ‘హాన్ ఫెంగ్ త్సూ కూ’ అంటే గాలి ఎముకలోకి గుచ్చుతోందని. ఆ రోజు ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చుంటే తప్ప సాయంత్రానికి మిగలరు. ఖైదీలు ఆ ముసలివాడి నోటికేసి చూసి రోజు ఎట్లా గడవబోతుందో తెలుసుకునేవాళ్ళు. మన దగ్గర ఇగం పెడుతోందంటే సరిపోతుంది. అక్కడ చలికి మెట్లున్నాయి, ప్రతి మెట్టుకూ ఒక పేరుంది. చదువు రాని సోమ్లా ఆ పేర్లన్నీ ప్రాణం నిలుపుకోవడానికి నేర్చుకున్నాడు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు. దుబాసీ రాని రోజు ఆ ముసలివాడు కుంపటి దగ్గర కూలబడి ‘చీ హాన్ చియావ్ ఫో’ అన్నాడు. కడుపు నొక్కి చూపించాడు. రెండు చేతులతో భుజాలు చుట్టుకున్నాడు. మూడు వేళ్ళు ఎత్తి, ఇంత ఇంత ఎత్తు అని నేల మీంచి చెయ్యి చూపించి, ఆ చెయ్యి చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆకలీ చలీ కలిసి మీద పడ్డాయి, ముగ్గురు పిల్లలు పోయారు. తండాలో పుట్టినవాడికి ఈ మాటకు దుబాసీ ఎందుకు?

ఆరు నెలలకు ఖైదీలను వదిలారు. మన వైపుకు రాగానే ఒక క్యాంపులో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ విచారించారు. "చైనావాళ్ళు మీకేం నేర్పారు?" అని ఒక ఆఫీసరు అడిగాడు. ఆ ప్రశ్నకు తెలివైనవాళ్ళంతా ఏమీ నేర్పలేదన్నారు. సోమ్లా మాత్రం సంతోషంగా మూడు చలి మాటలు అప్పజెప్పాడు. ఆఫీసరు అవన్నీ రాసుకున్నాడు. నెల తిరక్కుండా సోమ్లాను పనిలోంచి తీసేసి, చేతికి ఒక కాగితం ముక్క కూడా ఇవ్వకుండా రైలెక్కించి పంపేశారు.

కాగితం లేకుండా వచ్చినవాణ్ణి తండా ఏమని నమ్ముతుంది? కలకత్తాకు పారిపోయాడని కొందరు, రైలు కింద కాలు పెట్టుకున్నాడని కొందరు అన్నారు. సోమ్లా ఎవరితోనూ వాదించలేదు. ఆ ఏడాదే దరఖాస్తు మొదలుపెట్టాడు. ఫలానా సోమ్లా ఫౌజులో పనిచేశాడు, యుద్ధంలో పట్టుబడ్డాడు అని ఒక కాగితం ఇప్పించండి, అంతే. ఏడాదికి ఒకటి చొప్పున ఇరవై ఆరేళ్ళు రాయించాడు. పెళ్ళయింది, కూతురు కమ్లి పుట్టింది, భార్య బాలి జ్వరంతో పోయింది, దరఖాస్తు మాత్రం ఆగలేదు. కమ్లి ఆరో తరగతికి వచ్చినప్పటి నుంచి తనే రాసేది. పింఛను సంగతి కూడా రాద్దామని ఒకసారి అంది.

"వద్దు బిడ్డా," అన్నాడు సోమ్లా. "పైసలడిగితే పైసల కోసం అబద్ధమాడుతున్నడంటరు. నేను ఆడున్ననని రాసిస్తే చాలు."

కమ్లి ఒక్కతే అతన్ని మొదటి నుంచీ నమ్మింది. నమ్మకమంటే మాట వరసకు కాదు. ఆ చలి మాటలన్నీ అర్థాలతో సహా ఆమెకు వచ్చు. చిన్నప్పుడు జ్వరమొస్తే తండ్రి పక్కన కూర్చుని అవే చెప్పేవాడు. ఆ ముసలి కావలివాడి మాట కూడా ఆమెకు చెప్పాడు. అది ఇంకెవరికీ చెప్పలేదు.

మిగతావి మాత్రం ఊరందరి సొత్తు అయిపోయాయి. రోడ్డు మీద షుకూర్ టీ హోటలుండేది. చలికాలం పొద్దున సోమ్లా కట్టెల మోపు దింపి బల్ల మీద కూర్చోగానే, బీడీ ఆకు కాంట్రాక్టరు బసవపున్నయ్య మొదలుపెట్టేవాడు.

"ఏం సోమ్లా, ఇయ్యాల్టి చలికి ఏం పేరు?"

సోమ్లా లేచి, బయటికి వెళ్ళి, నిజంగానే గాలి చూసి వచ్చేవాడు. "ఇది చలి కాదు దొరా. దీనికి ఆడ పేరే లేదు. గని అసలు చలి మొదలైతది సూడు, అప్పుడు థియెన్ హాన్ తీ తుంగ్ అంటరు..." ఆ పలుకు నోట్లోంచి వస్తూనే హోటలంతా గొల్లుమనేది. లారీ డ్రైవర్లు ఇంకోసారి, ఇంకోసారి అనేవాళ్ళు. షుకూర్ ఊరికే ఒక టీ పోసేవాడు. నవ్వులు తగ్గేదాకా ఆగి, సోమ్లా పాపం ఓపిగ్గా అర్థం చెప్పేవాడు. అర్థం వినేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

"వాళ్ళు నవ్వుతుండ్రు బాపూ," అంది కమ్లి ఒకసారి, కోపం ఆపుకోలేక.

"నవ్వనీ బిడ్డా. ఇన్నరు గదా," అన్నాడు.

పది పాసైన కమ్లికి ఎనభై తొమ్మిదిలో అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆ తండాలో ఆడపిల్లకు వచ్చిన మొదటి సర్కారు కొలువు అది. ఆ చలికాలమే అడవిలో అన్నల కోసమని పక్క ఊరి బడిలో పోలీసు క్యాంపు దిగింది. గోడల మీద అన్నలు రాసే రాతల్లో చైనా పేరు కనిపించే రోజులవి. క్యాంపుకు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక పొద్దున షుకూర్ హోటలు ముందు జీపు ఆపాడు. ఆయన్ని మంచి చేసుకోవాలని బసవపున్నయ్య అప్పటికే కాచుకుని ఉన్నాడు.

"సార్, మా దగ్గర ఒక వింత ఉంది. సూపెడ్త ఉండుండ్రి," అని సోమ్లాను పిలిచాడు. "సోమ్లా, సార్‌కు నీ చైనా మాటలు చెప్పు!"

బసవపున్నయ్యకు అందులో కపటం లేదు. ఊరికొచ్చిన పెద్దమనిషికి ఊళ్ళో ఉన్న వేడుక చూపించాలనుకున్నాడు, అంతే. కపటమే ఉంటే బాగుండేది. కపటం ఉన్నవాడు కాస్త ఆలోచిస్తాడు.

సోమ్లా చేతులు కట్టుకుని మూడు మాటలూ చెప్పాడు. అలవాటు కొద్దీ హోటలంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"ఎవరు నేర్పిండ్రు?"

"ఆడి కావలాయన సార్. ముసలాయన."

"ఎక్కడి కావలాయన? ఏ అడవిల?"

"అడవి కాదు సార్, చైనాల."

"ఫౌజుల ఉన్నవా? కాగితమేది?"

కాగితం లేదు. ఇన్‌స్పెక్టరు అతని ఎడమ కాలు చూశాడు. మందుపాతర పెడుతుంటే పోయిన వేళ్ళు ఎట్లా ఉంటాయో తనకు తెలుసన్నాడు. జీపెక్కించారు. షుకూర్ టీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. బసవపున్నయ్య తలకాయ పక్కకు తిప్పుకున్నాడు.

క్యాంపులో మూడు రోజులుంచారు. పొద్దున్నే బడి వెనక బావి దగ్గర బట్టలిప్పించి నిలబెట్టి, చేదతో నీళ్ళు తోడి పోశారు. పుష్య మాసం, మంచు కమ్మి పది అడుగుల దూరంలో మనిషి కనబడని పొద్దు. దళం ఎక్కడుంది, అన్నం ఎవరు పెడుతున్నారు, చైనా చదువు చెప్పినవాడి పేరేంటి. సోమ్లా నిజం చెప్పాడు. నిజం తప్ప అతని దగ్గర ఇంకేముంది? పది చేదలయ్యాక ఇన్‌స్పెక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, నవ్వుతూ అడిగాడు.

"చలి పండితుడివట గదా. ఇది ఏ చలి? చెప్పు, దీని పేరేంది?"

సోమ్లా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా అడిగింది చలి సంగతి. ఇరవై ఆరేళ్ళలో ఆ సంగతిలో అతను ఒక్క అబద్ధం ఆడలేదు.

"ఇది చలి కాదు సార్," అన్నాడు. "దీనికి పేరు లేదు."

తల పొగరనుకున్నారు. లాఠీలు విరిగేదాకా కొట్టారు. చలి అని ఒక్క మాట అంటే ఆపేవాళ్ళేమో. అతనికి ఆ ఊహే రాలేదు. తెలివితక్కువతనమంటారా? అనుకోండి. నాకైతే ఆ బావి దగ్గర నిలబడ్డవాళ్ళందరిలో అతనొక్కడే మనిషిగా కనిపిస్తాడు.

రెండో రోజు సాయంత్రం తండా పెద్ద ధన్‌సింగ్ నాయక్ అందర్నీ కూర్చోబెట్టాడు. ఆ తండాకు ఒక కట్టు ఉంది. బయటివాళ్ళ ముందు నాయక్ ఏ మాట చెబితే తండా అంతటికీ అదే మాట. ముసలివాళ్ళ నుంచి ముక్కుపచ్చలారని పిల్లల దాకా, ఎవర్ని విడదీసి అడిగినా మాట మారదు. అడవి అధికార్ల ముందు, షావుకార్ల ముందు, పోలీసుల ముందు తరతరాలుగా ఆ కట్టే వాళ్ళను కాపాడింది. మాట తప్పినవాడి ఇంటికి నిప్పు కూడా ఇవ్వరు.

"ఫౌజు అంటే నమ్ముతలేరు. అన్నల మనిషి అంటే సంపుతరు," అన్నాడు ధన్‌సింగ్. "సోమ్లాకు మతి లేదు. ఫౌజు లేదు, చైనా లేదు. ఆ మాటలు పిచ్చి కూతలు. కాలు మీద గొడ్డలి పడ్డది. రేపటి సంది తండా మాట గిదే."

అందరూ తలలూపారు. కమ్లి ఊపలేదు.

"నాకు తెలుసు గద కాకా, అది నిజమని," అంది.

"నాకు తెల్వదా?" అన్నాడు ధన్‌సింగ్. తండాలో ఆ ముక్క అతని నోట రావడం అదే మొదటిసారి. "నిజం పట్టుకపోతే పీనుగ వస్తది. నువ్వే చెప్పాలె. బిడ్డ చెప్తేనే నమ్ముతరు."

మూడో రోజు కమ్లి క్యాంపుకు వెళ్ళింది. తండ్రిని వరండాలో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఆమెను చూడగానే సోమ్లా లేవబోయాడు. తనను నమ్మే మనిషి వచ్చింది, చదువుకున్న బిడ్డ, సర్కారు నౌకరీ చేసే బిడ్డ, ఇక ఈమె అంతా విడమరిచి చెబుతుందనుకున్నాడు.

"మా బాపుకు మతి లేదు సార్," అంది కమ్లి. "ఫౌజుల ఎన్నడు లేడు. ఆ మాటలు ఆయన పుట్టించుకున్నయే. వాటికి అర్థం లేదు."

"ఒక్కటన్న అర్థమున్నదా చూడు," అని ఇన్‌స్పెక్టరు, సోమ్లాతో మళ్ళీ చెప్పించాడు. సోమ్లా బిడ్డ ముఖంలోకి చూస్తూ ఒక్కొక్క మాటే చెప్పాడు, చిన్నప్పుడు జ్వరంలో చెప్పినట్టు, ఆమెకు గుర్తు చేస్తున్నట్టు. కమ్లి నాలుగు సార్లూ "లేదు సార్" అంది. నాలుగోది ఆమెకొక్కదానికే చెప్పిన ముసలి కావలివాడి మాట, దానికి సోమ్లా తల దించుకున్నాడు. లాఠీలకు దించని తల అది.

ఆమె చెప్పిందంతా కాగితం మీద రాయించి సంతకం చేయించుకున్నారు. "సర్కారు నౌకరీ చేస్తున్నవ్. ఇది అబద్ధమని ఎప్పుడన్న తేలితే నౌకరీ పోతది, నువ్వు జైలుకు పోతవ్," అని చెప్పి మరీ సోమ్లాను వదిలారు.

ఇంటికి వచ్చాక, కమ్లి నీళ్ళు కాచి, పసుపు పెట్టి దెబ్బలకు కాపడం పెట్టింది. "నిన్ను సంపుతుండె బాపూ," అంది ఏడుస్తూ. "అవ్ బిడ్డా," అన్నాడు. ఆ ముక్కలో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ కోసింది. ఆ తర్వాత షుకూర్ హోటలు వైపు అతను పోలేదు. ఎవరూ పిలవనూ లేదు. తండా పిల్లలు మాత్రం కట్టు ప్రకారం అతన్ని పిచ్చి సోమ్లా అనడం నేర్చుకున్నారు. తల్లులు ఆ పిల్లల్ని ఆపలేదు. పోలీసులు వింటే మంచిదే కదా అనుకున్నారు.

ఫాల్గుణంలో తండాకు ఒక జీపు వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకాయన మాజీ సైనికుల ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా. రెండో ఆయన నెరిసిన మీసాల పాత హవల్దారు. సోమ్లా ఎవరు, ఫౌజులో పనిచేశాడా అని మొదటి గుడిసె దగ్గరే అడిగారు. అతనికి మతి లేదు, ఫౌజు లేదు, చైనా లేదు అని జవాబొచ్చింది. రెండో గుడిసె దగ్గరా అదే. మేకలు కాసే పిల్లల్ని అడిగినా అదే. ధన్‌సింగ్‌కు వీళ్ళు పోలీసులో కాదో తెలియదు. తెలిసినా క్యాంపు మూడు మైళ్ళ దూరంలో ఉంది, కమ్లి సంతకం చేసిన కాగితం అక్కడ ఉంది. మాట మార్చే దారి లేదు.

చివరికి సోమ్లా గుడిసె ముందు మంచం వాల్చుకుని కూర్చున్నారు. కమ్లి అంగన్‌వాడీ నుంచి పరుగున వచ్చింది. హవల్దారు సంచిలోంచి టైపు కొట్టిన పాత జాబితా ఒకటి తీశాడు.

"ఇరవై ఆరు దరఖాస్తులు వచ్చినయి తమ్మీ. పోయిన నెల పాత బీరువాలు సర్దుతుంటే ఈ లిస్టు దొరికింది," అన్నాడు. "చైనా నుంచి వాపసొచ్చినోళ్ళ పేర్లు. గిదుగో, సోమ్లా, ఖమ్మం జిల్లా. నువ్వేనా?"

సోమ్లా ఆ వేలు కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలకేసి చూశాడు. చదవడం రాదు. కమ్లి వంగి చదివింది. తండ్రి పేరు, తాత పేరు, తండా పేరు, ఎడమ కాలు మూడు వేళ్ళు లేవు అన్న మాట కూడా ఉంది.

"ఏముంది బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"నీ పేరున్నది," అంది.

అతను చాలాసేపు ఆ కాగితం చూశాడు. చేత్తో తాకుతానన్నట్టు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ధన్‌సింగ్ దడి అవతల నిలబడి ఉన్నాడు, అతని వెనక తండా అంతా ఉంది. సోమ్లా వాళ్ళెవర్నీ చూడలేదు. కమ్లి జాకెట్టుకు పిన్నుతో గుచ్చి ఉన్న అంగన్‌వాడీ బిళ్ళను చూశాడు.

"ఆ సోమ్లా నేను కాదు సార్," అన్నాడు. "నేను ఫౌజుకు పోలే."

"మరి కాలు?"

"గొడ్డలి పడ్డది."

హవల్దారు నమ్మలేదు. ఆ మంచులో తనూ రెండు చలికాలాలు గడిపినవాడు, అట్లాంటి కాలు గొడ్డలికి కాదని ఎరిగినవాడు. దగ్గరికి జరిగి, "భయపడకు తమ్మీ, ఎవరన్న బెదిరిస్తుండ్రా? ఇయ్యాల కాదంటే ఫైలు మూసేస్తరు, మళ్ళ తెరవరు," అన్నాడు. కమ్లివైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, మీ నాయనేనా?" అని అడిగాడు.

కమ్లి తండ్రివైపు చూసింది. సోమ్లా తల అడ్డంగా ఆడించాడు, ఎవరికీ తెలియనంత చిన్నగా.

"సోమ్లా అనే పేరు మా దిక్కు మస్తు మందికి ఉంటది సార్," అంది.

గుమాస్తా విసుగ్గా కాగితం తీసి, సదరు వ్యక్తి నేను కాను అని రాసి, సంతకం పెట్టమన్నాడు. సోమ్లాకు సంతకం వచ్చు. ఫౌజులో హిందీలో నేర్పారు. ఇరవై ఆరు దరఖాస్తుల కిందా అదే సంతకం ఉంది, అవన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి. అతను బొటనవేలు ముందుకు చాచాడు. గుమాస్తా చేతిలోంచి ఇంకు డబ్బా కమ్లి అందుకుంది, మూత తీసి తండ్రి ముందు పట్టుకుంది.